తెల్లమద్ది పట్ట, కొలెస్టరాల్: ప్రాణిపరీక్ష పద్ధతి, ప్రయోజనం, పరిమితి

ఛత్తీస్‌గఢ్ 2000 నవంబరు 1న ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది. మరుసటి ఏడే అది తనను మూలికా రాష్ట్రంగా ప్రకటించుకుంది. భూభాగంలో నలభై శాతానికి పైగా అడవులున్న ఆ రాష్ట్రంలో కరక్కాయ, తానికాయ, ఉసిరి, మద్ది, నల్లజీడి వంటివి గిరిజనులకు జీవనాధారాలు, ఆయుర్వేద వైద్యులకు ముడిసరుకులు. రాజధాని రాయపూర్‌లో 1963లో వైద్య కళాశాల, 1964లో పండిత రవిశంకర్ శుక్ల విశ్వవిద్యాలయం, 1987లో ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయం, 2012లో అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వెలిశాయి. మూలిక దొరికే అడవి, దాన్ని పరీక్షించగల ప్రయోగశాల ఇంత దగ్గరగా ఉన్న నగరాలు మన దేశంలో ఎక్కువ లేవు. కాబట్టి మూలికాసారం కొలెస్టరాల్‌ను తగ్గిస్తుందా అన్న ప్రశ్నను ప్రాణులపై ఏ విధంగా పరీక్షిస్తారో, ఆ పరీక్ష ఇచ్చే జవాబుకు విలువ ఎంతో పరిశీలించడానికి రాయపూర్ తగిన చోటు. అక్కడి వాగుల వెంట విరివిగా పెరిగే తెల్లమద్దినే ఈ వ్యాసంలో ప్రధాన ఉదాహరణగా తీసుకుందాం.

నిర్వచనాలు

కొలెస్టరాల్ స్టెరాల్ వర్గానికి చెందిన మైనం వంటి పదార్థం. దాని అణువులో 27 కర్బన పరమాణువులుంటాయి. కణత్వచాల నిర్మాణానికి, పిత్తామ్లాల తయారీకి, స్టెరాయిడ్ హార్మోన్ల ఉత్పత్తికి అది అవసరం. శరీరానికి కావలసిన కొలెస్టరాల్‌లో ఎక్కువ భాగాన్ని కాలేయమూ ఇతర కణజాలాలూ స్వయంగా తయారు చేసుకుంటాయి, తక్కిన భాగం ఆహారం నుండి వస్తుంది. అది నీటిలో కరగదు గనుక, రక్తంలో ప్రయాణించడానికి మాంసకృత్తులతోనూ ఇతర కొవ్వులతోనూ కలిసి లిపోప్రోటీన్ రేణువులుగా ఏర్పడుతుంది.

సాంద్రతను బట్టి ఈ రేణువులను ప్రధానంగా నాలుగు తరగతులుగా విభజిస్తారు. ఆహారపు కొవ్వును పేగుల నుండి మోసుకొచ్చే కైలోమైక్రాన్లు మొదటివి. కాలేయం విడుదల చేసే అత్యల్పసాంద్రత లిపోప్రోటీన్లు రెండవవి. కణజాలాలకు కొలెస్టరాల్‌ను చేరవేసే అల్పసాంద్రత లిపోప్రోటీన్లు, అనగా వాడుకలో ఎల్‌డీఎల్, మూడవవి. కణజాలాల నుండి కొలెస్టరాల్‌ను తిరిగి కాలేయానికి చేర్చే అధికసాంద్రత లిపోప్రోటీన్లు, అనగా హెచ్‌డీఎల్, నాలుగవవి. ఎల్‌డీఎల్ అధికమైనప్పుడు ధమనుల లోపలి పొరలో కొలెస్టరాల్ పేరుకొని ధమనీకాఠిన్యానికి దారితీస్తుంది. కనుక కొలెస్టరాల్‌ను తగ్గించే గుణం అన్నప్పుడు మనం కోరేది మొత్తం కొలెస్టరాల్ తగ్గుదల మాత్రమే అనుకోరాదు. హెచ్‌డీఎల్ దెబ్బతినకుండా ఎల్‌డీఎల్ తగ్గడమే దాని సరైన అర్థం.

ఒక పదార్థం ఈ పనిని నాలుగు మార్గాలలో చేయగలదు. పేగులలో కొలెస్టరాల్ శోషణను అడ్డుకోవడం ఒక మార్గం. మొక్కల స్టెరాల్‌లు చేసేది ఇదే. పేగులలోని పిత్తామ్లాలను బంధించి మలంతో బయటకు పంపి, ఆ లోటు తీర్చడానికి కాలేయం తన కొలెస్టరాల్‌ను ఖర్చు చేసేలా చేయడం రెండవది. కరిగే పీచు, సపోనిన్లు ఈ కోవకు చెందుతాయి. కాలేయంలో కొలెస్టరాల్ తయారీని నియంత్రించే హెచ్‌ఎంజీ-కోఏ రిడక్టేజ్ అనే ఎంజైమును నిరోధించడం మూడవది. స్టాటిన్ మందుల మార్గం ఇది. కాలేయ కణాలపై ఎల్‌డీఎల్ గ్రాహకాల సంఖ్యను పెంచడం నాలుగవది. ఈ మార్గాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ఉదాహరణకు తయారీని నిరోధించిన స్టాటిన్ ఫలితంగా గ్రాహకాలు కూడా పెరుగుతాయి. కొలెస్టరాల్ తగ్గిందని తెలుసుకున్న పరిశోధకుడు అది ఏ మార్గాన తగ్గిందో తేల్చే వరకు తన పని సగమే అయిందని గ్రహించాలి.

మొక్క గుర్తింపు, సారసంగ్రహణ

మూలికాపరీక్షలో మొదటి నియమం మొక్కను నిర్ధారించడం. ఛత్తీస్‌గఢ్ అడవులలో తెల్లమద్ది, నల్లమద్ది రెండూ పెరుగుతాయి. అక్కడివారు మొదటిదాన్ని కౌహా అని, రెండవదాన్ని సాజా అని పిలుస్తారు. కోసా పట్టునిచ్చే టస్సర్ పురుగు రెండింటి ఆకులనూ తింటుంది. తెల్లమద్ది, అనగా టెర్మినాలియా అర్జున, వాగుల ఒడ్డున పెరుగుతుంది. దాని బెరడు నున్నగా, పాలిపోయిన బూడిదరంగులో ఉండి పెచ్చులుగా ఊడిపోతుంది. నల్లమద్ది బెరడు నల్లగా, మొసలి చర్మంలా లోతైన బీటలతో ఉంటుంది. చెట్టు మీద ఇంత స్పష్టంగా కనిపించే తేడా, బెరడును ఎండబెట్టి పొడి చేశాక మాయమవుతుంది. అందువల్ల సేకరించిన కొమ్మ, ఆకు, కాయలతో కూడిన నమూనాను వృక్షశాస్త్రజ్ఞుడు గుర్తించి, సంఖ్య ఇచ్చి, శుష్క వృక్ష సంగ్రహాలయంలో భద్రపరచాలి. ఆ సంఖ్య లేని ప్రయోగాన్ని ఇతరులు తిరిగి చేసి చూడలేరు.

రెండవ దశ సారసంగ్రహణ. నీడన ఆరబెట్టి పొడి చేసిన పట్ట నుండి తగిన ద్రావణితో క్రియాశీల పదార్థాలను వేరు చేయడమే సారసంగ్రహణ. నీటితో తీసిన సారంలో టానిన్లు, గ్లైకోసైడులు ఎక్కువగా వస్తాయి. ఆల్కహాలుతో తీసిన సారంలో ట్రైటెర్పినాయిడులు, ఫ్లావనాయిడులు కూడా చేరతాయి. తెల్లమద్ది పట్టలో అర్జునోలిక్ ఆమ్లం, అర్జునిక్ ఆమ్లం, అర్జునెటిన్ వంటి ట్రైటెర్పినాయిడులు, మెండుగా టానిన్లు, కొంత బీటా-సైటోస్టెరాల్ ఉన్నాయి. ద్రావణి మారితే సారం మారుతుంది, సారం మారితే ప్రయోగమే మారుతుంది. నూరు గ్రాముల పొడి నుండి ఎన్ని గ్రాముల సారం వచ్చింది, అందులో గుర్తించదగిన ఒక పదార్థం ఎంత పాళ్ళలో ఉంది అన్న రెండు అంకెలు నమోదు కానిదే ఆ సారానికి ప్రమాణం ఏర్పడదు.

ప్రాణి ఎంపిక

ధమనీకాఠిన్యాన్ని ప్రయోగశాలలో పుట్టించిన ఘనత 1913లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కుందేళ్ళకు కొలెస్టరాల్ కలిపిన ఆహారం పెట్టిన నికొలాయ్ అనిచ్కోవ్‌కు దక్కింది. శాకాహారి అయిన కుందేలు ఆహారంలోని కొలెస్టరాల్‌ను బయటకు పంపడంలో అసమర్థం గనుక దాని రక్తంలో కొలెస్టరాల్ త్వరగా, విపరీతంగా పెరుగుతుంది. ఎలుక స్వభావం ఇందుకు భిన్నం. కొలెస్టరాల్‌ను పిత్తామ్లాలుగా మార్చుకోవడంలో దానికి మంచి నేర్పు ఉంది. కనుక ఆహారంలో ఒకటి రెండు శాతం కొలెస్టరాల్‌తో పాటు కోలిక్ ఆమ్లం అనే పిత్తామ్లం కూడా కలిపితే తప్ప దాని రక్తంలో చెప్పుకోదగిన పెరుగుదల కనిపించదు. పైగా ఎలుకలో కొలెస్టరాల్ ఎక్కువ భాగం హెచ్‌డీఎల్‌లోనే ఉంటుంది. లిపోప్రోటీన్ల మధ్య కొలెస్టరాల్ ఎస్టర్లను బదిలీ చేసే మాంసకృత్తి మనిషిలో, కుందేలులో, హామ్‌స్టర్‌లో ఉంది; ఎలుకలో, చుంచులో లేదు. చౌకగా, సులభంగా దొరుకుతుందన్న కారణంతో మన కళాశాలల్లో తరచుగా ఎంచుకునే విస్టార్ ఎలుక ఈ ప్రశ్నకు మనిషిని అంతగా పోలిన ప్రాణి కాదన్న మాట.

ప్రాణిలో కొలెస్టరాల్‌ను పెంచే పద్ధతులు మూడు విధాలు. మొదటిది ఆహారజన్యం: అధిక కొవ్వు, కొలెస్టరాల్ గల ఆహారాన్ని నాలుగు నుండి ఎనిమిది వారాలు, అవసరమైతే అంతకంటే ఎక్కువ కాలం పెట్టడం. రెండవది రసాయనజన్యం: ట్రైటాన్ అనే, తలతన్యతను తగ్గించే పదార్థాన్ని సూదిమందుగా ఇచ్చి, కొవ్వును విడగొట్టే లిపోప్రోటీన్ లైపేజ్ ఎంజైము పనిని అడ్డుకోవడం. ఇందులో కొలెస్టరాల్ సుమారు 24 గంటలకు శిఖరానికి చేరి, ఆ తరువాత దిగసాగుతుంది. రెండు రోజులలో ముగిసే ఈ పరీక్ష మొదటి వడపోతకు ఉపయోగపడుతుంది గాని, ఏళ్ళ తరబడి సాగే మానవ వ్యాధికి ప్రతిరూపం కాజాలదు. మూడవది జన్యుజన్యం. ఈ కోవలో తెలుగు నేలకు చెందిన సాధనం ఒకటి ఉంది: హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1990లలో తన విస్టార్ ఎలుకల సంతతిలో సహజంగా తలెత్తిన స్థూలకాయ ఉత్పరివర్తకాన్ని గుర్తించి వృద్ధి చేసింది. ఆ ఎలుకల రక్తంలో కొలెస్టరాల్, ట్రైగ్లిజరైడులు ప్రత్యేక ఆహారమేమీ పెట్టకుండానే అధికంగా ఉంటాయి.

ప్రాణిప్రయోగానికి చట్టం, నీతి రెండూ హద్దులు గీశాయి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 1964లో కేంద్ర పర్యవేక్షణ సంఘం ఏర్పడింది, 1998లో నియమావళి వచ్చింది. నమోదైన సంస్థలో, సంస్థాగత నైతిక సంఘం అనుమతి పొందిన తరువాతనే ప్రయోగం మొదలుకావాలి. ప్రాణికి బదులు వేరే సాధనంతో పని జరిగితే దానినే వాడడం, తప్పనప్పుడు ప్రాణుల సంఖ్యను తగ్గించడం, వాటి బాధను కనీసానికి తేవడం అనే మూడు సూత్రాలను 1959లో రస్సెల్, బర్చ్ ప్రతిపాదించారు. లోపభూయిష్టమైన ప్రయోగం ఈ సూత్రాలన్నింటినీ ఒకేసారి ఉల్లంఘిస్తుంది, ఎందుకంటే అందులో ప్రాణి బాధపడినా జ్ఞానం లభించదు.

సమూహాలు, మోతాదు, కొలత

ప్రయోగంలో సాధారణంగా అయిదారు సమూహాలుంటాయి. మామూలు ఆహారం తినే సహజ నియంత్రిత సమూహం, కొవ్వు ఆహారం తింటూ ఏ మందూ పొందని రోగ నియంత్రిత సమూహం, అటోర్వాస్టాటిన్ వంటి ప్రామాణిక ఔషధం పొందే సమూహం, సారాన్ని రెండు మూడు వేరువేరు మోతాదులలో పొందే సమూహాలు అవి. సారాన్ని కలిపే జిగురు ద్రవాన్ని నియంత్రిత సమూహాలకు కూడా అంతే పరిమాణంలో ఇవ్వాలి. ఏ ఎలుక ఏ సమూహంలో చేరాలన్నది లాటరీ పద్ధతిన తేల్చాలి. రక్తాన్ని పరీక్షించే వ్యక్తికి ఏ నమూనా ఏ సమూహానిదో తెలియకూడదు. అన్నిటికంటే ముందు తీవ్ర విషప్రభావ పరీక్ష జరపాలి. అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం కిలో శరీర బరువుకు 2000 మిల్లీగ్రాముల వరకు ఇచ్చి పరిశీలించడం ఇందులో వాడుక.

మోతాదు విషయంలో ఒక లెక్క చూద్దాం. ఎలుకకు కిలోకు 500 మిల్లీగ్రాముల సారం ఇచ్చామనుకుందాం. శరీర ఉపరితల వైశాల్యాన్ని బట్టి మనిషికి మార్చేటప్పుడు దానిని 6.2తో భాగిస్తారు. కిలోకు సుమారు 81 మిల్లీగ్రాములు వస్తుంది; 60 కిలోల మనిషికి రోజుకు 4.8 గ్రాముల సారం. నూరు గ్రాముల పట్టకు 15 గ్రాముల సారం దిగుతుందనుకుంటే, ఆ మనిషి రోజుకు 32 గ్రాముల పట్టకు సమానమైన మందు తీసుకోవాలి. జైపూర్‌లో 105 మంది హృద్రోగులపై జరిగి 2001లో ప్రచురితమైన అధ్యయనంలో మద్దిపట్ట పొడి ఇచ్చింది రోజుకు 500 మిల్లీగ్రాములే. ఎలుకలో పనిచేసిన మోతాదుకు, మనిషికి ఇవ్వగల మోతాదుకు ఇంత వ్యత్యాసం ఉన్నప్పుడు మొదటిదాన్ని చూపి రెండవదాన్ని సమర్థించడం శాస్త్రసమ్మతం కాదు.

కొలత కోసం ప్రాణిని రాత్రంతా పస్తుంచి, మత్తులో రక్తం తీసి, సీరం వేరు చేస్తారు. మొత్తం కొలెస్టరాల్‌ను, ట్రైగ్లిజరైడులను ఎంజైము పద్ధతులలో కొలుస్తారు. ఇతర లిపోప్రోటీన్లను అవక్షేపింపజేసి, మిగిలిన ద్రవంలో హెచ్‌డీఎల్ కొలెస్టరాల్‌ను కొలుస్తారు. 1972లో ప్రకటితమైన ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం ప్రకారం మొత్తం కొలెస్టరాల్ నుండి హెచ్‌డీఎల్‌ను, ట్రైగ్లిజరైడులలో అయిదవ వంతును తీసివేస్తే ఎల్‌డీఎల్ వస్తుంది. డెసిలీటరుకు మొత్తం 200, హెచ్‌డీఎల్ 45, ట్రైగ్లిజరైడులు 150 మిల్లీగ్రాములైతే, ఎల్‌డీఎల్ 125. ఈ అయిదవ వంతు మనిషి రక్తం నుండి రాబట్టిన నిష్పత్తి; ట్రైగ్లిజరైడులు 400 దాటితే మనిషిలోనే అది చెల్లదు. ట్రైటాన్ ఇచ్చిన ఎలుకకు దానిని యథాతథంగా అన్వయించి దశాంశాలతో ఎల్‌డీఎల్ విలువలు ప్రకటించడం లోకంలో ఉన్నా, అది లేని కచ్చితత్వాన్ని ఆపాదించడమే అవుతుంది. ఎల్‌డీఎల్‌ను నేరుగా వేరు చేసి కొలవడం ఇటువంటి చోట ఉత్తమ మార్గం.

ఫలితాన్ని చదివే విధానం

తెల్లమద్ది పట్ట సారం కొలెస్టరాల్ ఆహారం తిన్న కుందేళ్ళలో కొవ్వును తగ్గించిందని 1990లలో పలు అధ్యయనాలు ప్రకటించాయి. 1998లో వెలువడిన ఒక అధ్యయనం మద్ది, తాని, కరక మూడింటినీ కుందేళ్ళపై పోల్చి, మద్దికి ప్రథమస్థానం ఇచ్చింది. ఇటువంటి ఫలితాన్ని ఎదుర్కొన్న పాఠకుడు మూడు ప్రశ్నలు వేయాలి.

మొదటిది, ప్రాణి తిండి తగ్గిందా? టానిన్లు మెండుగా ఉన్న సారం వగరుగా ఉండి, మాంసకృత్తులను బంధించి, ఆకలిని, జీర్ణాన్ని దెబ్బతీయవచ్చు. కొవ్వు ఆహారం తక్కువ తిన్న ప్రాణిలో కొలెస్టరాల్ తగ్గడంలో మందు మహిమ ఏమీ ఉండదు. రోజూ తిన్న ఆహారాన్ని, వారం వారం శరీర బరువును నమోదు చేసి, అవసరమైతే తక్కువ తిన్న సమూహంతో సమానంగా ఆహారం పొందే మరొక నియంత్రిత సమూహాన్ని ఉంచితేనే ఈ సందేహం తీరుతుంది.

రెండవది, వ్యత్యాసం గణాంకపరంగా నిలుస్తుందా? సమూహానికి ఆరు ప్రాణులన్నది మన ప్రయోగశాలల్లో వాడుక. సగటు పక్కన ప్రమాణ విచలనానికి బదులు ప్రమాణ దోషాన్ని రాస్తే, ఆరు ప్రాణుల సమూహంలో ఆ అంకె దాదాపు రెండున్నర రెట్లు చిన్నదిగా కనబడి, ప్రాణుల మధ్య ఉన్న అసలు వైవిధ్యాన్ని కప్పిపుచ్చుతుంది. సమూహాలు అనేకం ఉన్నప్పుడు రెండేసి చొప్పున విడివిడిగా పోల్చకుండా, విస్తృతి విశ్లేషణ జరిపి, ఆపై నియంత్రిత సమూహంతో పోల్చే తగిన పరీక్ష చేయాలి.

మూడవది, తగ్గుదల కాలేయానికి హాని వల్ల వచ్చిందా? దెబ్బతిన్న కాలేయం లిపోప్రోటీన్లను విడుదల చేయలేక కొవ్వును తనలోనే నిలువ చేసుకోవచ్చు. అప్పుడు రక్తంలో సంఖ్య తగ్గినా ప్రాణికి కీడే జరిగింది. కాలేయపు బరువు, దానిలోని కొవ్వు, కాలేయ ఎంజైములు, కణజాల పరిశీలన నివేదికలో ఉండవలసిందే.

మూడు నిదర్శనాలు

ప్రాణి చెప్పిన సాక్ష్యం ఎంతవరకు చెల్లుతుందో చరిత్ర మూడు విధాలుగా చూపింది. మొదటిది గుగ్గులు. మేదోరోగాన్ని, అనగా ఒంట్లో కొవ్వు పెరిగే వ్యాధిని గురించి సుశ్రుత సంహితలో ఉన్న ప్రస్తావనను ఆధారం చేసుకొని జి.వి. సత్యవతి కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో 1966లో సమర్పించిన సిద్ధాంతవ్యాసంలో, గుగ్గులు కుందేళ్ళలో కొలెస్టరాల్‌ను తగ్గిస్తుందని చూపారు. అది పురాతన గ్రంథాన్ని ఆధునిక ప్రయోగానికి నిలబెట్టిన మార్గదర్శక కృషి. లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధనా సంస్థ దానిని గుగ్గులిపిడ్‌గా తీర్చిదిద్దింది, 1980ల ద్వితీయార్ధంలో అది మన దేశంలో మందుగా విడుదలైంది. అయితే 2003లో అమెరికాలో 103 మందిపై ఎనిమిది వారాలు జరిగిన పరీక్షలో, గుగ్గులిపిడ్ తీసుకున్నవారి ఎల్‌డీఎల్ నాలుగైదు శాతం పెరిగింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో అయిదు శాతం తగ్గింది. మందు పొందినవారిలో ఆరుగురికి ఒంటిపై దద్దుర్లు కూడా వచ్చాయి. ఆహారపు అలవాట్లు వేరైన జనంలో ఫలితం తారుమారు కావచ్చునని, కుందేలు ఇచ్చిన అనుకూల జవాబును మనిషిలో మళ్ళీ అడిగి తీరాలని ఇది బోధిస్తుంది.

రెండవది దీనికి విలోమం. జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో సుమారు 6000 శిలీంధ్ర నమూనాలను వడపోసి, పెనిసిలియం సిట్రినం నుండి 1973లో కాంపాక్టిన్‌ను వేరు చేశాడు. ఎలుకలకిస్తే కొలెస్టరాల్ తగ్గలేదు; కాలేయంలోని ఎంజైము అనేక రెట్లు పెరిగి మందు ప్రభావాన్ని పూడ్చేసింది. కోళ్ళకిచ్చి చూస్తే కొలెస్టరాల్ సగానికి దగ్గరగా పడిపోయింది, కుక్కలలో కూడా తగ్గింది. ఎలుక తీర్పునే తుదితీర్పుగా అంగీకరించి ఉంటే, కోట్లమంది వాడుతున్న స్టాటిన్ వర్గపు తొలి ఔషధం అక్కడే ఆగిపోయేది.

మూడవది హైదరాబాదుది. జాతీయ పోషకాహార సంస్థలో మెంతుల ప్రభావాన్ని ఎలుకలపై పరీక్షించిన ఫలితం 1984లో వెలువడింది. ఆ పని అక్కడితో ఆగలేదు. ఇన్సులిన్‌పై ఆధారపడిన మధుమేహ రోగులకు నూనె తీసిన మెంతిపొడిని రోజుకు నూరు గ్రాముల చొప్పున భోజనంలో కలిపి ఇచ్చిన అధ్యయనం 1990లో ప్రచురితమైంది. వారిలో ఎల్‌డీఎల్, ట్రైగ్లిజరైడులు తగ్గాయి, హెచ్‌డీఎల్ మారలేదు. ఎలుక నుండి మనిషి వరకు ఒకే పదార్థంతో, ప్రకటించిన మోతాదుతో నడిచిన మార్గమిది. అయితే నూరు గ్రాములన్న ఆ మోతాదును గుర్తుంచుకోవాలి. పోపులో వేసే చిటికెడు మెంతులకు ఆ ఫలితాన్ని అంటగట్టరాదు.

అన్వయం

ఈ నిదర్శనాల సారాంశం ఒకటే. ప్రాణిపరీక్ష ఇచ్చే జవాబు, ఏ ప్రాణిని ఏ పద్ధతిలో ప్రశ్నించామన్న దానిలో భాగం. ఆ వివరాలను విడదీసి ‘కొలెస్టరాల్ తగ్గింది’ అన్న మాటను మాత్రమే తీసుకుంటే, అది సమాచారంగా కూడా నిలవదు. రాయపూర్ వంటి కేంద్రంలో ఈ సూత్రాన్ని ఆచరణలో పెట్టడానికి మార్గం స్పష్టంగానే ఉంది. అడవి నుండి వచ్చే పట్టకు వృక్షశాస్త్ర ధ్రువీకరణ, సారానికి రసాయనిక ప్రమాణం మొదట ఏర్పరచాలి. ట్రైటాన్ ఇచ్చిన ఎలుకతో మొదటి వడపోత జరిపినా, నిర్ణయాన్ని కుందేలు లేదా హామ్‌స్టర్ వంటి మరొక జాతిలో సరిచూడాలి. ఔషధ విజ్ఞాన విద్యార్థి చేసిన ప్రయోగాన్ని వైద్య కళాశాల నిపుణుడు మానవ మోతాదు దృష్టితో సమీక్షించాలి. పని చేయని సారం గురించిన ఫలితాన్ని కూడా ప్రకటించాలి. లేకపోతే అదే విఫల ప్రయోగానికి మరొక ఊరిలో మరికొన్ని ప్రాణులు బలి అవుతాయి. పట్ట సేకరణలో కూడా క్రమం కావాలి, ఎందుకంటే మానుచుట్టూ బెరడు ఒలిస్తే చెట్టు చస్తుంది, దానితో పట్టుపురుగుకు మేత, పట్టు తీసేవారికి ఉపాధి రెండూ పోతాయి.

సామాన్య పాఠకునికి కూడా ఇందులో కర్తవ్యం ఉంది. రాయపూర్, భిలాయి, బిలాస్‌పూర్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలైనా, తెలుగు రాష్ట్రాలలోని పాఠకులైనా, మూలికామందు సీసాపై శాస్త్రీయంగా పరీక్షించబడినదన్న ముద్ర చూసినప్పుడు ఏ మొక్క, ఏ భాగం, ఏ ద్రావణితో తీసిన సారం, ఏ ప్రాణిపై, ఎంత మోతాదు, మనుషులపై పరీక్ష జరిగిందా అన్న ప్రశ్నలు వేయడం నేర్చుకోవాలి. వైద్యుడు రాసిన స్టాటిన్ మాత్రను ఎలుకపై వచ్చిన ఫలితం నమ్మి మానుకోవడం ప్రమాదకరం. రెండూ కలిపి వాడదలచినవారు ఆ సంగతి వైద్యునికి చెప్పి తీరాలి. తెల్లమద్ది పట్టకు మన వైద్యసంప్రదాయంలో ఉన్న గౌరవం ఈ ప్రశ్నలతో తగ్గదు. వాటికి జవాబు చెప్పగలిగిన నాడు ఆ గౌరవానికి నిరూపణ బలం తోడవుతుంది.